స్టేడియం సరే, ఆఖరి బస్సు ఎన్నింటికి?

తిరుపతి జిల్లాలో వేలమంది కూర్చుని చూడగలిగే పద్ధతైన గ్యాలరీ ఒకటుంది. వరసగా మెట్లు, ఎదురుగా పెద్ద తెరలు, ముందే పేరు నమోదు చేసుకుంటే చేతికొచ్చే పాసు, లోపలికి వెళ్ళేటప్పుడు గుర్తింపు కార్డు తనిఖీ. టికెట్టుకు పైసా ఖర్చు లేదు. కాకపోతే అక్కడ ఏ ఆటా ఆడరు. అది శ్రీహరికోటలో ఇస్రో కట్టిన ప్రయోగ వీక్షణ గ్యాలరీ. 2019 ఏప్రిల్ 1న పీఎస్ఎల్వీ-సీ45 ఎగిరినప్పుడు మామూలు జనం తొలిసారి అందులో కూర్చున్నారు. మొదటి దశలో 5,000 మందికి చోటు. అంతకుముందు రాకెట్టు చూడాలంటే పులికాట్ రోడ్డు పక్కనో, సూళ్ళూరుపేట మేడల మీదో నిలబడాల్సిందే.

ఆటస్థలాల గురించి రాయబోతూ రాకెట్ల దగ్గర మొదలుపెట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ స్టేడియం గురించి ఏ ఊళ్ళో వాదన లేచినా అడిగే ప్రశ్నలన్నీ ఈ గ్యాలరీ దగ్గర ఏ రాజకీయమూ అంటకుండా కనిపిస్తాయి. ఎవరి డబ్బు? ఎవరి కోసం? వెళ్ళేదెట్లా, తిరిగొచ్చేదెట్లా? మొదటిదానికి జవాబు తేలిక: కేంద్ర ప్రభుత్వ డబ్బు, అంతరిక్ష శాఖ పద్దు. రెండోదీ పెద్ద కష్టం కాదు: దేశంలో ఎక్కడివాళ్ళైనా రావచ్చు. మూడోదాని దగ్గరే చిక్కంతా.

సూళ్ళూరుపేట స్టేషన్లో దిగితే శ్రీహరికోట ప్రయోగ కేంద్రం (షార్) దాదాపు 18 కిలోమీటర్లు. మధ్యలో పులికాట్ సరస్సు, దాన్ని చీల్చుకుంటూ వేసిన రోడ్డు. మామూలు రోజుల్లో ఉద్యోగుల బస్సులు, ఆర్టీసీ బస్సులు తిరిగే ఆ రోడ్డు మీద ప్రయోగం రోజున కార్లు బారులు తీరతాయి. చంద్రయాన్-2ను 2019 జులై 15న తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు పంపాలనుకున్నారు. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కూడా ఆ రాత్రి అక్కడే ఉన్నారు. సరిగ్గా 56 నిమిషాల ముందు లెక్కింపు ఆపేశారు. నడిరేయి దాటాక, శ్రీహరికోట దీవి నుంచి జనం వచ్చినదారినే వెనక్కి మళ్ళారు. వారం తరువాత 22న మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు అది ఎగిరింది. శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగం 2025 జనవరి 29న జరిగింది, ఉదయం 6 గంటల 23 నిమిషాలకు. అంత పొద్దున గ్యాలరీలో ఉండాలంటే సొంత కారైనా ఉండాలి, ముందురోజు రాత్రికి సూళ్ళూరుపేటలో గదైనా దొరకాలి. పాసు ఉచితమే, రాకపోకలు మాత్రం కావు. చేరాల్సిన కక్ష్యను బట్టి ప్రయోగ వేళలు పెడతారు కాబట్టి ఇందులో ఇస్రో తప్పేమీ లేదు. మ్యాచి వేళలు పెట్టేది మాత్రం టీవీ చానళ్ళు. అక్కడ ఆ సాకు చెల్లదు.

ఇదే జిల్లాలో ఆటలాడేవాళ్ళ సంగతి చూడండి. సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ పెట్టాలన్నా జూనియర్ కళాశాల మైదానమే దిక్కు. 2025 జనవరిలో మూడు రోజులు ఆ పండుగ జరిగింది. పండుగ పందిళ్ళు లేని రోజుల్లో పిల్లలు బ్యాటు పట్టుకుని వచ్చేది కూడా అక్కడికే. క్రికెట్ పిచ్చి ఉన్న సూళ్ళూరుపేట కుర్రవాడు పెద్ద మ్యాచి చూడాలంటే ఎటు వెళ్తాడు? సొంత రాష్ట్రంలోని విశాఖ స్టేడియానికి ఒక రాత్రి రైలు ప్రయాణం. పక్క రాష్ట్రంలోని చెపాక్‌కు లోకల్ బండి. చెన్నై సెంట్రల్ దాకా ఎనభై కిలోమీటర్ల పైచిలుకు; అక్కడినుంచి పార్క్ టౌన్‌లో ఎలివేటెడ్ రైలెక్కితే చెపాక్ స్టేషన్ స్టేడియం పక్కనే. ఆ రైలు మార్గంలో మొట్టమొదట తెరిచిన ముక్క 1995లో చెన్నై బీచ్ నుంచి చెపాక్ దాకానే. ఈమధ్య ఐపీఎల్ టికెట్టు చూపిస్తే మెట్రోలో ఉచితంగా తీసుకెళ్ళే ఏర్పాటు కూడా చేశారు. రాష్ట్రం గీతకు అటువైపు ఉన్న స్టేడియమే ఇటువైపు కుర్రవాడికి దగ్గరైంది. కిలోమీటర్ల లెక్కకన్నా రైలు దిగి నడిచే లెక్క అక్కడ బాగుంది.

ఇక తిరుపతి. 2011 జనాభా లెక్కల్లో మూడు లక్షలు దాటని ఊరు. రోజూ కొండెక్కే భక్తులు అరవై వేల పైమాటే. ఊరి రవాణా అంతా కొండవైపు ముఖం పెట్టి ఉండటం అందుకే. 2022 సెప్టెంబరులో ఆర్టీసీ ఇక్కడికి 100 ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చింది. వాటిని పంచిన తీరు గమనించదగ్గది. 50 తిరుమల ఘాటుకు, 14 రేణిగుంట విమానాశ్రయం నుంచి తిరుమలకు, నెల్లూరు, కడప, మదనపల్లెలకు తలా పన్నెండు. కూడితే వందా అయిపోయాయి. లీలామహల్ దగ్గర నుంచి విశ్వవిద్యాలయం వైపో, తిరుచానూరు నుంచి ఇందిరా మైదానం వైపో తిరగడానికి ఒక్కటీ మిగల్లేదు. ఊళ్ళోవాళ్ళకు షేర్ ఆటో ఉంది కదా అనుకున్నారేమో.

శ్రీనివాస సేతు కథ కూడా అంతే. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన ఈ ఏడు కిలోమీటర్ల ఎత్తు వంతెనకు దాదాపు 684 కోట్లు అయింది. అందులో మూడింట రెండు వంతులు టీటీడీ, మిగతాది స్మార్ట్ సిటీ నిధులు. యాత్రికుల బండ్లు పైనుంచి పోతాయి. ఊరు కింద ఉంటుంది. వంతెన అవసరం లేదని నేననను. దాని కింద ఇరుక్కున్న కూడళ్ళలో నిలబడ్డవాళ్ళెవరూ అనరు. కానీ ఈ ఊళ్ళో పెద్ద డబ్బు దేనికి కదులుతుందో, దేనికి కదలదో ఆ 684 కోట్లు చెబుతున్నాయి.

తిరుపతిలో ఏ పనికి డబ్బు కావాలన్నా మాట చివరికి టీటీడీ దగ్గరికే వస్తుంది. 2023 అక్టోబరులో దేవస్థానం పాలకమండలి తన వార్షిక బడ్జెట్టులో ఒక శాతం తిరుపతి అభివృద్ధికి ఇవ్వాలని తీర్మానించింది. ఆ ఏటి బడ్జెట్టు 4,411 కోట్లు కాబట్టి ఒక శాతమంటే 44 కోట్లు. గగ్గోలు లేచింది. భక్తులిచ్చిన కానుకలను ఊరి మురుగుకాలవలకు పోస్తారా అని ఒకవైపు, ఆ భక్తుల భారం మోసేది ఈ ఊరే కదా అని మరోవైపు. చివరికి రాష్ట్ర ప్రభుత్వమే ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు. రెండు వాదాల్లోనూ పస ఉంది. పారిశుధ్యానికీ రోడ్లకూ దేవస్థానం వాటా అడగడం న్యాయమేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ చెత్తలో, ఆ రద్దీలో యాత్రికుల వాటా ఉంది. హుండీ డబ్బుతో క్రికెట్ స్టేడియం కట్టమనడానికి మాత్రం నోరు రాదు. అదీగాక అడగవలసింది వేరే ఉంది, దానికి రూపాయి కూడా అక్కర్లేదు. దేవస్థానం నడిపే కళాశాలలకు ఊరి నడిబొడ్డున మైదానాలున్నాయి. సాయంత్రం ఐదు తరువాత వాటి గేట్లు ఊరి పిల్లలకు తెరిస్తే చాలు.

తిరుపతిలో స్టేడియం లేకపోలేదు. ఎస్వీ విశ్వవిద్యాలయంలో తారకరామ స్టేడియం ఉంది. దాని పేరు రాష్ట్రమంతా తెలుసు, ఆటల వల్ల కాదు. 2014 ఏప్రిల్ 30న నరేంద్ర మోదీ, చంద్రబాబు, పవన్ కల్యాణ్ కలిసి ఎన్నికల సభ పెట్టింది అక్కడే. నాలుగేళ్ళకు సరిగ్గా అదే తేదీన ప్రత్యేక హోదా మాట తప్పారంటూ చంద్రబాబు ధర్మపోరాట దీక్ష చేసిందీ అక్కడే. 2023 జూన్‌లో ఆదిపురుష్ సినిమా వేడుక జరిగిందీ అక్కడే. సభ అయ్యాక గుంజల గుంతలు పూడ్చి, మేకులు ఏరి, ట్రాకు మళ్ళీ పరుగుకు పనికొచ్చేలా చేసే ఖర్చు ఏ పార్టీ పద్దులోనూ ఉండదు.

ఈ రోగం తిరుపతి ఒక్కదానిదే కాదు. విజయవాడ ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో జరిగిన పురుషుల అంతర్జాతీయ వన్డే ఒకే ఒక్కటి, 2002 నవంబరులో వెస్టిండీస్‌తో. 2019 మేలో జగన్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది మాత్రం అందులోనే. హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో 2004లో వైఎస్, 2023లో రేవంత్ రెడ్డి. మన స్టేడియాల్లో జనానికి గుర్తుండేవి సెంచరీల కన్నా ప్రమాణాలే. ఊరి మధ్యలో, బస్సులు ఆగేచోట, లక్షమంది నడిచి రాగలిగే చోట అవి ఉండటమే ఇందుకు కారణం. ఆటగాళ్ళకు ఏ గుణం కావాలో నాయకులకూ అదే గుణం కావాలి, గెలిచేది నాయకులు.

క్రికెట్ పెద్దదయ్యాక ఊరి మధ్య మైదానాలు ఇరుకయ్యాయి, ఆట శివార్లకు పోయింది. విశాఖలో 1988 నుంచి 2001 దాకా వన్డేలు జరిగింది నగరం లోపలి ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో. ఆ తరువాత జాతీయ రహదారి పక్కన పోతినమల్లయ్యపాలెంలో కొత్తది కట్టారు. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టినప్పుడు దాని పేరు దేశమంతా మోగింది. ఇరవై ఏళ్ళయింది. 2025లో మహిళల ప్రపంచకప్ మ్యాచులు కూడా ఆడారు, ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు విజయవాడ అమ్మాయి రావి కల్పన పేరు పెట్టారు. స్టీల్ ప్లాంటు నుంచి కొమ్మాది దాకా ప్రతిపాదించిన మెట్రో మార్గం ఆ రహదారి మీదుగానే వెళ్ళాలి. అది ఇప్పటికీ కాగితాల మీదే ఉంది. ఈలోగా మ్యాచి రోజున రహదారే పార్కింగు.

హైదరాబాద్ లెక్క కాస్త నయం, అదీ ఆలస్యంగా. ఉప్పల్ స్టేడియంలో తొలి వన్డే 2005 నవంబరులో. నాగోలు-అమీర్‌పేట మెట్రో వచ్చింది 2017 నవంబరులో. పన్నెండేళ్ళు జనం ఉప్పల్ రోడ్డు మీద అర్ధరాత్రి ఆటోవాళ్ళతో బేరమాడారు. ఇప్పుడు స్టేడియం అనే పేరుతోనే స్టేషన్ ఉంది, ఐపీఎల్ రాత్రుల్లో రైళ్ళు ఆలస్యంగా కూడా నడుపుతున్నారు. విచిత్రం ఏమిటంటే 2018లో అసెంబ్లీ దగ్గరికి మెట్రో వచ్చేసరికి, ఆ పక్కనే ఉన్న లాల్ బహదూర్ స్టేడియం నుంచి పెద్ద క్రికెట్ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆట ఉన్నప్పుడు రైలు లేదు, రైలొచ్చాక ఆట లేదు. నిర్వహణ సంగతి చెప్పాలంటే 2024 ఏప్రిల్‌ను గుర్తు చేసుకుంటే చాలు. చెన్నైతో ఐపీఎల్ మ్యాచికి ముందురోజు ఉప్పల్ స్టేడియానికి కరెంటు తీసేశారు, ఏళ్ళనాటి బకాయి కోటిన్నర పైగా ఉందని. సాయంత్రానికి మళ్ళీ ఇచ్చారనుకోండి.

స్టేడియం పేరుతో భూమి ఎటు పోతుందో తెలుసుకోవాలంటే గచ్చిబౌలి చరిత్ర చదవాలి. 2002 జాతీయ క్రీడల కోసం అక్కడ బాలయోగి స్టేడియం, ఈత కొలను, ఇంకా చాలా కట్టారు. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలూ జరిగాయి. ఆ సన్నాహాల ఊపులోనే 2003 ఆగస్టులో ప్రభుత్వం ఐఎంజీ భరత అనే సంస్థతో ఒప్పందం చేసుకుంది. క్రీడా అకాడమీల కోసం గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు. తరువాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కేసు రెండు దశాబ్దాలు నడిచి 2024 మార్చిలో హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షాన నిలిచాయి. భూమి వెనక్కొచ్చింది. వచ్చిన ఏడాదికే, అంటే 2025లో, ఆ 400 ఎకరాల కంచ గచ్చిబౌలిని చదును చేసి వేలం వేయాలని చూస్తే కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డం పడ్డారు, సుప్రీంకోర్టు ఆపింది. ఇరవై రెండేళ్ళ ఈ కథలో ఆ నేల మీద ఒక్క అకాడమీ లేవలేదు.

అదే గచ్చిబౌలిలో, అదే కాలంలో, 5 ఎకరాల కథ ఇంకొకటి ఉంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కు ప్రభుత్వం ఇచ్చిన స్థలం అది. ఇల్లు తాకట్టు పెట్టి, నిమ్మగడ్డ ప్రసాద్ ఇచ్చిన విరాళం కలుపుకుని 2008 నాటికి అకాడమీ తెరిచాడు. సైనా, సింధు, శ్రీకాంత్ అక్కడివాళ్ళే. 850 ఎకరాలకు కోర్టు కాగితాలు, 5 ఎకరాలకు ఒలింపిక్ పతకాలు. ఎకరాలను బట్టి ఆట పెరుగుతుందనే భ్రమ ఉన్నవాళ్ళకు ఇంతకన్నా మంచి లెక్క చూపించలేం.

ఇప్పుడు వాదన అమరావతికి మారింది. లక్ష సీట్లు దాటే స్టేడియం కడతామని 2025లో ఆంధ్ర క్రికెట్ సంఘం చెప్పింది. పక్కనే మంగళగిరి స్టేడియం ఏళ్ళ తరబడి అసంపూర్తిగా నానిన సంగతి అందరికీ తెలుసు. అహ్మదాబాద్‌కు 1,32,000 సీట్లు ఉండగా మనకు ఎందుకు ఉండకూడదని అడుగుతారు. అహ్మదాబాద్ చుట్టూ ఉన్న జనం ఎంత, అమరావతి చుట్టూ ఉన్న జనం ఎంత అన్నది మొదటి ప్రశ్న. అంత జనం ఉన్నచోట కూడా స్టేడియం 2020లో తెరిస్తే మోతెరాకు మెట్రో 2022లో చేరింది. అమరావతికి ఎర్రుపాలెం నుంచి నంబూరు దాకా 57 కిలోమీటర్ల రైలుమార్గానికి 2024 అక్టోబరులో కేంద్రం ఒప్పుకుంది. ఆ బండి పట్టాలెక్కాకే సీట్లు లెక్కపెట్టుకోవడం మంచిది. అప్పుచేసి కట్టడమంటే మాంట్రియల్‌ను తలుచుకోవాలి. 1976 ఒలింపిక్స్ స్టేడియం అప్పు తీర్చేసరికి 2006 వచ్చింది. ముప్పై ఏళ్ళు, అదీ పొగాకు మీద పన్ను వేసి.

క్రికెట్‌కు బీసీసీఐ డబ్బుందిలెండి, మిగతా ఆటలకో? కేంద్రం ఖేలో ఇండియాకు 2025-26లో దేశం మొత్తానికి కేటాయించింది వెయ్యి కోట్లు. 2025 జనవరిలో శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు కేంద్ర మంత్రివర్గం మంజూరు చేసింది దాదాపు 3,985 కోట్లు. రాకెట్టుకు తగ్గించమని కాదు నా మాట. రాకెట్టు వేదికకు ఎవరు నడుపుతారు, ఎన్నేళ్ళు నడుపుతారు అన్న లెక్క ముందే ఉంటుంది. ఆటల వేదికకు ఆ లెక్క ఎప్పుడూ ఉండదు. రాష్ట్రంలో 2014 తరువాత నియోజకవర్గానికొక క్రీడా వికాస కేంద్రం అన్నారు, కొన్ని పునాదుల్లోనే ఆగాయి. 2023 డిసెంబరు నుంచి ఏడు వారాలు ఆడుదాం ఆంధ్రా అన్నారు, వంద కోట్లు దాటిన ఆ ఖర్చు మీద తరువాత విచారణ వచ్చింది. 2024 నవంబరు నాటి క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లన్నారు, ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతం చేశారు. మంచిదే. పతకం తెచ్చినవాళ్ళకు ఏం ఇవ్వాలో మన ప్రభుత్వాలకు బాగా తెలుసు. తేవాల్సినవాళ్ళకు ఏం ఇవ్వాలన్నదే తేలదు.

రాయలసీమలో ఒక్క ఊరు మాత్రం ఈ లెక్కల్లో ఇమడదు. అనంతపురం. స్పెయిన్ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్డీటీ సంస్థ అక్కడ ఒక క్రీడాగ్రామం కట్టింది. క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, జూడో. రఫెల్ నాదల్ వచ్చి 2010లో టెన్నిస్ బడి తెరిచాడు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ అక్కడ ఆడితే, ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని చక్కటి మైదానాలా అని దేశం నోరు తెరిచింది. ప్రభుత్వం కట్టలేదు, కాంట్రాక్టరు కట్టలేదు, పేదపిల్లల చదువు కోసం విదేశాల్లో పోగుచేసిన చందాల్లోంచి వచ్చింది. బలహీనత కూడా అక్కడే ఉంది. 2025లో విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ ఆగినప్పుడు జిల్లా అంతా రోడ్డెక్కింది. బాగా నడుస్తున్నదానికి కూడా ఒకే తాడు మీద బతుకు మంచిది కాదు.

బస్సూ రైలూ ఉంటే అన్నీ సర్దుకుంటాయని నేను అనబోవడం లేదు. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం నగరం గుండెలో ఉంది, మెట్రో ఉంది. 2025 జూన్ 4న విజయోత్సవానికి వచ్చిన జనంలో 11 మంది తొక్కిసలాటలో చనిపోయారు. రవాణా జనాన్ని తెచ్చింది, గేట్ల దగ్గర వాళ్ళను చూసుకునేవాళ్ళు లేరు. పెద్ద మ్యాచులు అక్కడ పెట్టకూడదని విచారణ సంఘం చెప్పింది. ప్రపంచకప్ మ్యాచులు తరలిపోయాయి. తిరుపతివాళ్ళకు ఇది పరాయి సంగతి కాదు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన ఆరుగురు ఈ ఊళ్ళోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ టోకెన్ల కేంద్రాల్లో ఇందిరా మైదానం కూడా ఒకటి. 2022 జనవరిలో జాతీయ కబడ్డీ పోటీలు జరిగిన మైదానం అది. పండుగకు క్యూ, ఎన్నికలకు సభ, మిగిలితే ఆట. ఒక మైదానం ఇన్ని పనులు చేయాల్సి వచ్చినప్పుడు, జనం రాకపోకలకు దారులు వేయడమనేది క్రీడల శాఖ పనో, పోలీసుల పనో కాకుండా ఆ ఊరి పురపాలకుల మొదటి పని కావాలి.

ఈ చర్చంతా ఇన్నేళ్ళుగా ప్రేక్షకుల చుట్టూ తిరుగుతోందని ఈపాటికి పాఠకులు గమనించే ఉంటారు. ఇందాకటినుంచి నేనూ ఆ దారినే నడిచాను, ఎందుకంటే డబ్బు అటే పోయింది. ప్రేక్షకుడు ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఆడే పిల్ల ఏడాదికి మూడు వందల రోజులు రావాలి, అదీ తెల్లవారుజామున. సింధు సికింద్రాబాద్ నుంచి గోపీచంద్ అకాడమీకి రోజూ 56 కిలోమీటర్లు తిరిగేదని పత్రికలు రాశాయి. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళు, రైల్వే ఉద్యోగులు. వాళ్ళకు ఆ విలువ తెలుసు, తీసుకెళ్ళే వీలూ ఉంది. ఆ వీలు లేనివాళ్ళ సంగతి వరంగల్ జిల్లా దీప్తి జీవన్‌జీని అడగాలి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన ఈ పిల్లను శిక్షణకు హైదరాబాద్ పంపమని కోచ్ రమేశ్ అడిగినప్పుడు, బస్సు ఛార్జీకి కూడా ఇంట్లో డబ్బు లేదు. ఎవరో ఒకరు పూనుకోకపోతే ఆ పతకం ఊళ్ళోనే ఆగిపోయేది. ఎంతమందివి ఆగిపోయాయో లెక్క తీసే శాఖ లేదు.

ఆ మాటకొస్తే గత పదేళ్ళలో ఆంధ్రలో ఆడపిల్లల క్రీడలకు జరిగిన పెద్ద మేలు క్రీడా శాఖ చేసింది కాదని నా అంచనా. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి, అంటే ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా వర్తిస్తుంది. నాయుడుపేట పిల్ల శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి మైదానానికి రావడానికి ఇంట్లో డబ్బు అడగక్కర్లేదు. పథకం రాసినవాళ్ళ మనసులో కబడ్డీ ఉండి ఉండదు. అయినా ఏ స్టేడియం చేయలేని పని అది చేయగలదు, ఒక్క షరతు మీద. సాధన ముగిసే ఏడున్నరకు ఊరికి పోయే బస్సు ఉండాలి. ఆ వేళకు పల్లెవెలుగు లేకపోతే ఉచిత టికెట్టు కాగితంగానే మిగులుతుంది. తల్లిదండ్రులు చీకటి పడ్డాక ఆడపిల్లను షేర్ ఆటోలో పంపరు. పంపమని అడిగే హక్కు మనకు లేదు.

కాబట్టి తిరుపతికి అంతర్జాతీయ స్టేడియం కావాలా వద్దా అన్న ప్రశ్నకు నా జవాబు: ఇప్పుడు వద్దు. ముప్పై వేల సీట్లు నింపడానికి ఏడాదికి రెండు మ్యాచులు కూడా ఈ ఊరికి రావు. వచ్చిన రోజు కొండ రద్దీకి అది తోడైతే ఊరు ఊపిరాడక చస్తుంది. ఆ డబ్బులో నాలుగో వంతు చాలు, తిరుపతి, శ్రీకాళహస్తి, గూడూరు, సూళ్ళూరుపేట నాలుగుచోట్లా బస్టాండుకు నడిచి పోయేంత దూరంలో దీపాలున్న మైదానం, ఒక సింథటిక్ ట్రాకు, తాళం వేయని మరుగుదొడ్లు పెట్టడానికి. మిగతాది కోచ్‌ల జీతాలకు, పచ్చికకు, కరెంటు బిల్లుకు బ్యాంకులో వేసి వడ్డీ మీద నడపాలి. తారకరామ స్టేడియంలో సభలు పెట్టుకునేవాళ్ళ దగ్గర ముందే పూచీ డబ్బు కట్టించుకోవాలి, ఏ పార్టీ అయినా సరే. ప్రయోగం ఉన్న రోజున సూళ్ళూరుపేట స్టేషన్ నుంచి గ్యాలరీ దాకా ఆర్టీసీ వరస బస్సులు నడపడానికి ఇస్రో, జిల్లా యంత్రాంగం కలిసి కూర్చుంటే ఒక పూట పని. ఆ అనుభవం రేపు మైదానాలకూ పనికొస్తుంది.

మీ నియోజకవర్గంలో ఈసారి ఎవరైనా స్టేడియం తెస్తామని ఓటు అడిగితే రెండే ప్రశ్నలు వేయండి. పదేళ్ళు దాని కరెంటు బిల్లు ఎవరు కడతారు? సాయంత్రం సాధన అయ్యాక పిల్లలు ఇంటికి పోయే బస్సు ఏ డిపోది? రెండింటికీ పేర్లతో సహా జవాబు వస్తేనే ముందుకు సాగండి. లేకపోతే ఆ స్థలాన్ని కంచె వేసి ఊరికే వదిలేయమనండి. కనీసం పిల్లలు గోడ దూకి ఆడుకుంటారు.